ఎడమ కంటి చిలకపచ్చ

ఫిబ్రవరి 10, సోమవారం

ఇంటికి వచ్చేశాము. ఆదోనిలో నా కుడి కంటి శుక్లం తీశారు. పట్టీ విప్పగానే మొట్టమొదట కనబడింది నర్సు మేరి వేసుకున్న కోటు. తెలుపు అంత తెల్లగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. "కొత్త కోటా తల్లీ?" అని అడిగాను. "చిరిగిపోయేటట్లుండాది పెద్దాయనా, కొత్తదంటావు" అని నవ్వింది.

బస్సులో కిటికీ పక్కన నేనే కూర్చున్నాను. దుమ్ము పడుతుందని నా పెళ్ళాం నరసమ్మ మొత్తుకున్నా వినలేదు. ఆదోని గుట్టల మీది గుండ్లు ఒక్కొక్కటి ఒక్కో రంగు. ఒకటి బెల్లం, ఒకటి బూడిద, ఒకటి ఎండిన గులాబీ. ఎమ్మిగనూరు వచ్చేదాకా నోరు తెరుచుకునే ఉన్నానట. ఈగ దూరలేదు, అదృష్టం.

డాక్టరమ్మ చెప్పినవి మరచిపోకుండా రాసుకుంటున్నాను. తల వంచకూడదు. బరువు ఎత్తకూడదు. నల్లద్దాలు తీయకూడదు. నెల దాకా మగ్గం గుంతలోకి దిగనే కూడదు. ఎడమ కంట్లోదీ బాగా ముదిరిపోయింది కాబట్టి ఉగాదిలోపల అది కూడా తీయించుకోవాలి, ఆలస్యం చేస్తే కన్నే పోతుందట.

మగ్గం లేకపోతే నా చేతులు ఊరుకోవు. అందుకే నూలు షాపువాళ్ళు ఇచ్చిన ఈ డైరీ తీశాను. పాల లెక్క రాసుకుందామని నరసమ్మ దాచుకుంది. నేనే లాక్కున్నాను.

ఫిబ్రవరి 11

స్నానాల గదిలో బకెట్టు నీలం రంగుది! ఇన్నాళ్ళూ పచ్చది అనుకుంటున్నాను. "ఎప్పుడు మార్చినావే?" అని నరసమ్మను పిలిచి అడిగాను. "నేనేం మార్చల్యా" అని రాట్నం దగ్గరికి వెళ్ళిపోయింది. మామూలుగా అయితే ఇలాంటిది దొరికితే పూటంతా వెక్కిరించేది.

ఫిబ్రవరి 13

కాలవ గట్టుకు వెళ్ళాను. డాక్టరమ్మ నడవమంది. (అనలేదు. నడవొద్దని కూడా అనలేదు కదా.)

నేను చీకటితో మగ్గంలోకి దిగి పొద్దు గూకాక పైకి వచ్చే మనిషిని. ఆరుబయలు అంటే నాకు తెలిసింది వీధిలో పడుగు సాచి గంజి పట్టించేంత మేర. ఆ పని చేసేటప్పుడు కూడా చూపు దారాల మీదే ఉంటుంది. మా ఊరి బయట ఇంత ఉందని ఎవరికి తెలుసు?

ధనియాల చేను తెల్లగా పూసింది. గాలి ఇటు తిరిగితే వాసనకే ఆకలేసింది. పక్కన కుసుమ చేను. పువ్వు పసుపుగా విచ్చుకుని, వాడేకొద్దీ కాషాయానికి తిరుగుతోంది. ఒకే మొక్క మీద రెండు రంగులూ ఉన్నాయి. ముళ్ళు గుచ్చుకుంటున్నా ఒకటి తుంచాను. కరెంటు తీగ మీద ఒక మట్టిరంగు పిట్ట కూర్చుని ఉంది. ఇదేం పిట్టలే అనుకున్నాను. ఎగిరింది. రెక్కల నిండా నీలం, ఆ నీలంలో మళ్ళీ ముదురు నీలం. పాలపిట్ట! దసరాకు అందరూ చూసి దండం పెడుతుంటే నేను కూడా చూసినట్టు నటించి దండం పెట్టేవాణ్ణి. గట్టు మీద ఎవరూ లేరు కాబట్టి గట్టిగా అరిచాను. ఏమని అరిచానో ఇక్కడ కూడా రాయను.

నల్లద్దాలు జేబులో ఉన్నాయి. అవి పెట్టుకుని చూసేదానికైతే ఆపరేషన్ ఎందుకు?

ఒక ఆట కూడా దొరికింది. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూస్తే పాత లోకం, టీ డికాషన్‌లో ముంచి తీసినట్టు. ఎడమది మూసి కుడి కంటితో చూస్తే కొత్త లోకం, అప్పుడే ఉతికి ఆరేసినట్టు. చేనును డికాషన్‌లో ముంచాను, తీశాను. చెట్టును ముంచాను, తీశాను. ఆకాశాన్ని కూడా ముంచాను. పొద్దు ఎలా పోయిందో తెలియలేదు.

ఫిబ్రవరి 14

గట్టు.

ఫిబ్రవరి 15

గట్టు. సాయంత్రం మళ్ళీ గట్టు. కాలవ నీళ్ళు ఎలా ఉన్నాయో చూసొస్తానని చెప్పి వెళ్ళాను. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నా యవ్వారం. "ఒగ కన్ను బాగయితేనే కండ్లు నెత్తికెక్కినాయి. రెండోది గూడా అయితే ఇంటికే రావేమో" అని నరసమ్మ అంటోంది.

ఫిబ్రవరి 17, సోమవారం

ఇవాళ పరువు పోయింది. పోయినందుకు బాధ లేదు, నవ్వు ఆగడం లేదు.

గట్టు కింద శనగ పీకుతున్న కూలీల్లో పెద్దది ఎల్లమ్మ. పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"అక్కా, నీ మొగుడు దినామూ గట్టు మీద నిలబడి మాకు కన్ను కొడతాండాడు. ఒగ కన్ను గాదు, మార్చి మార్చి రెండు కండ్లూ కొడతాండాడు! ముసిలోడు గదాని ఊరుకుంటే నిన్న మా కోడలికి గూడా కొట్టినాడు."

నేను రాట్నం వెనక్కు జరిగాను. నరసమ్మ ఒకసారి నా వైపు చూసింది, ఒకసారి ఎల్లమ్మ వైపు చూసింది, కడుపు పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

"నీకూ కాదు, నీ కోడలికీ కాదు ఎల్లమ్మా. శనగసేనుకు కొడతాండాడు!"

ఆపరేషన్ సంగతి నరసమ్మే విడమరిచి చెప్పింది. ఎల్లమ్మ నా ముఖం దగ్గరకు వచ్చి రెండు కళ్ళలోకీ తొంగి చూసింది. "అట్లనా? అయితే నేను ఏ కంటికి ఎట్లుండానో సెప్పన్నా" అంది. తప్పేదేముంది, కళ్ళు మార్చి మార్చి చూశాను. "ఎడమ కంటికి ఇత్తడి బిందెవమ్మా, కుడి కంటికి రాగి బిందెవి" అన్నాను.

"రెండూ ఖరీదైనవే లే" అని ఒళ్ళోని పచ్చిశనగ కట్ట అరుగు మీద పెట్టింది. వెళ్తూ వెళ్తూ, "ముసిలోడే గానీ మహానుభావుడక్కా, కట్టేసి పెట్టుకో" అంది.

ఫిబ్రవరి 18

నరసమ్మ అన్నం వడ్డిస్తూ నాకు కన్ను కొట్టింది. నాకు పొలమారింది.

ఫిబ్రవరి 20

నందవరం దారిలో ఒక మోదుగ చెట్టు చూశాను. ఒక్క ఆకు లేదు, ఒళ్ళంతా పూలే. ఆ ఎరుపు నూలుకు ఎక్కించగలిగినవాడు ఇంకా పుట్టలేదు. ఆటో ఆపించి దిగేశాను, ఆటోవాడు తిట్టుకుంటూ పోయాడు. చెట్టు కింద కూర్చుంటే ఒళ్ళో పడ్డాయి పూలు. ఇంత సంతోషం ఈ వయసులో ఉంటుందా, లేక నాకు ఏమైనా అవుతోందా?

ఫిబ్రవరి 21, శుక్రవారం

పోయిన ఉగాదికి నేను నరసమ్మకు ఒక చీర నేశాను. ఇన్నేళ్ళూ ఊరివాళ్ళ కోసం నేసిన చేతులివి. ఆమెకోసం నేసింది అదొక్కటే. చిలకపచ్చకు ఎర్ర అంచు. పెళ్ళయిన కొత్తలో చిలకపచ్చ చీర కావాలని ఒకసారి అడిగింది. మళ్ళీ అడగలేదు, నేను మరచిపోలేదు. నూలు నేనే పోయి తెచ్చాను.

ఇవాళ గట్టు మీదుగా చిలకల గుంపు వెళ్ళింది. కుడి కంటికి ఆ పచ్చ చూస్తే గుండె ఎగిరింది. నా చీర ముందు ఇవెంత, రెండూ పోల్చి చూద్దామని ఇంటికి పరిగెత్తినంత పని చేశాను. నరసమ్మ నీళ్ళకు పోయి ఉంది. పెట్టె తెరిచాను.

వేరే చీర ఏదో పైన ఉంది. అడుగుదాకా వెతికాను. చిలకపచ్చది లేదు.

ఆ వేరే చీరకు ఎర్ర అంచు ఉంది. అంచులో నేను వేసిన జంట గీతలు ఉన్నాయి.

పెట్టె మూసేశాను.

ఫిబ్రవరి 22

ట్యూబులైటు కింద పచ్చ నీలంగా కనబడుతుంది. ఇది అందరికీ తెలిసిందే.

ఫిబ్రవరి 23

సబ్బు. ఈ కొత్త సబ్బుల్లో ఏదో కలుపుతున్నారు.

ఫిబ్రవరి 24, సోమవారం

నూలుకు రంగులు వేసే ప్రేమ్ కుమార్ దగ్గరికి వెళ్ళాను. ఊరికే, కొత్త కంటితో రంగులు చూద్దామని. మాటల్లో పోయిన ఏటి చిలకపచ్చ సంగతి తెచ్చాను.

"చిలకపచ్చ యాడిదన్నా? నువ్వు ఆకాశం రంగు నూలు గదా తీస్కపోయినావు? ఇది చిలకపచ్చ గాదన్నా అంటే, 'నాకు రంగులు నేర్పేటంత మొగోనివైనావా' అని కసిరినావు. నాకెందుకులే అని కట్టిచ్చినా."

నేను అన్నానట ఆ మాట. నేనే అని ఉంటాను, నా నోరు నాకు తెలుసు.

దారి పొడుగునా లెక్క సరిచూసుకున్నాను. పేక నూలును కండెలకు చుట్టింది నరసమ్మ. నూలు చేతికి తీసుకున్నప్పుడే ఆమెకు తెలిసి ఉంటుంది. మరి ఎందుకు చెప్పలేదు? అది కూడా తెలుసు. పడుగు మగ్గమెక్కాక చీర రంగు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. మా అమ్మ పెట్టిన కట్టుబాటు, రంగును అంటే నేత చెడుతుందని. నరసమ్మ కాపురానికి వచ్చిన రోజే మా అమ్మ ఆమెతో చెప్పింది. నేను పేకకు నూలు తెచ్చేసరికి పడుగు ఎక్కే ఉంది.

ఇంకోటి. ఆ తర్వాత నేసిన ఆర్డరు చీరలన్నిటికీ రంగుల కండెలు వరుసపెట్టి నా చేతికి అందించింది నరసమ్మే. ఏడాదిగా. అంతకు ముందు అందించేది కాదు. కొత్తగా ప్రేమ పొంగిందేమో అనుకుని మురిసిపోయాను.

ఫిబ్రవరి 26, శివరాత్రి

నరసమ్మ గుడికి పోవడానికి ఆ చీరే కట్టుకుంది.

నేను కుడి కన్ను మూశాను. చిలకపచ్చ! అచ్చం నేను అనుకున్న చిలకపచ్చ. గుడిదాకా కుడి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె వెనకాలే నడిచాను. రాయి తగిలి పడబోయాను. ఉపవాసం వల్ల కళ్ళు తిరిగాయేమోనని ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఉపవాసమూ లేదు, పాడూ లేదు. పొద్దున్నే ఉగ్గాని లాగించాను.

నా చీర ఎక్కడికీ పోలేదు. ఎడమ కంట్లో భద్రంగా ఉంది. ఎంత తేలికైందో ప్రాణం!

మార్చి 2

ఆలోచిస్తే, ఒక మనిషికి ఒక కన్ను చాలు. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెను చూడడానికి ఒక కన్నే ఎక్కువ. గుడ్డి కన్నా మెల్ల మేలని పెద్దలు ఊరికే అన్నారా? నాకు మెల్ల కూడా లేదు.

మార్చి 5

మేరి ఫోన్ చేసింది. ఎడమ కంటికి తేదీ ఇచ్చారట. నందవరంలో పెళ్ళి ఉంది తల్లీ, తర్వాత చూద్దాం అన్నాను. నందవరంలో ఎవరి పెళ్ళో నాకే తెలియదు. ఎవరిదో ఒకరిది ఉండకపోదు.

గట్టు మీద కానుగలు చిగురు వేశాయి. ఎండ పడితే ఆకు వెనకాల దీపం పెట్టినట్టుంది. ఆ పచ్చను రెండు కళ్ళతోనూ చూశాను. కుడి కంటికి బాగుంది. కానీ ఎడమ కంటికి నరసమ్మ చీర గుర్తొచ్చింది.

మార్చి 7

ఎడమ కన్ను కొంచెం నొప్పి. దుమ్ము పడింది.

మార్చి 9

దుమ్మే.

మార్చి 11, మంగళవారం

ఇవాళ్టిది వివరంగా రాస్తాను.

మేరి ఈసారి నరసమ్మకు ఫోన్ చేసింది. నందవరం పెళ్ళి బయటపడింది. నరసమ్మ అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, అక్కడితో తీరిపోయేది. "నువ్వు దినామూ పోయే ఆ గట్టు యాడుండాదో నాకూ సూపీ" అంది. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. ఆ చీరే.

నరసమ్మ రాట్నం వదిలి పనిలేకుండా ఊరి బయటికి రావడం నేను చూడలేదు. ధనియాల చేను కోసేశారు, కుసుమ ఎండుతోంది. అయినా ఆమెకు అన్నీ కొత్తే. "ఇదేం సెట్టు? ఇదేం పిట్ట?" అని అడుగుతూ నడిచింది. నాకు తెలిసినవి చెప్పాను. తెలియనివాటికి పేర్లు పెట్టి చెప్పాను. చింతచెట్టు కింద చెప్పులు విడిచి, చిగురు తుంచి నోట్లో వేసుకుని, పులుపుకు ఒక కన్ను మూసింది. అప్పుడే, అలా ఒక కన్ను మూసుకునే అడిగింది.

"ఇప్పుడు సెప్పు. యాలయ్యా ఆ కన్ను దాసిపెట్టుకుంటాండావు?"

దుమ్ము అందామనుకున్నాను. ఉన్నమాటే చెప్పేశాను.

"ఇది గూడా తీసేస్తే నీ చిలకపచ్చ చీర ఇంగ యాడా ఉండదే. పెట్టెలో లేదు, నీ ఒంటి మీద లేదు. ఈ కంట్లోనే ఉండాది. దీన్ని తీసి పారేస్తే నేను నీకు నేసిందేముంది?"

చెబుతుంటే ఏడుపొచ్చింది. అరవైకి దగ్గరపడిన మనిషిని, చింతచెట్టు కింద నిలబడి చీరకోసం ఏడ్చాను. నొప్పి ఉందని కూడా చెప్పేశాను.

నరసమ్మ నవ్వలేదు. చేతిలోని చిగురంతా కింద పడేసింది.

"కండె సుట్టేటప్పుడే సూసినా. మగ్గమెక్కినాక అనగూడదని మీ యమ్మ సెప్పిండ్ల్యా? ఒగవేళ అన్నా, రంగు తప్పని సెప్తే సరిపోతాదా? నీ కన్ను పోయిందని గూడా సెప్పాల గదా. మగ్గం దిగి ఏడుస్తావని నోరు మూసుకున్నా. కండెలు నేనే అందిస్తే సాలనుకున్నా."

"నీలం నీకు ఇష్టం లేకపాయె."

"మొదటి దినం ఏడ్సినా. మల్ల కట్టగా కట్టగా నాదే అయిపాయ. కానీ సూడు, ఊరంతా ఒగ సీర సూస్తాండాది, నువ్వొక్కడివీ ఇంగో సీర సూస్తాండావు. ఏడాది నుంచి ఈ నీలం సీరలో నేనొక్కదాన్నే ఉండా. కన్ను పోగొట్టుకోని ఆడనే కూసుంటావా? నువ్వు గూడా ఇట్ల రా, ఇంగ."

ఎడమ కన్ను సలుపుతోంది. ఏడాదంతా ఆమె పక్కన నడిచాను, అన్నం తిన్నాను, నా చీర బాగా కుదిరిందని మీసం తిప్పాను. ఆమె ఒక్కతే ఉందని నాకు తట్టలేదు.

"వస్తా" అన్నాను.

అప్పుడు నవ్వింది. గట్టు మీదకు పోయి, ఎండ పడేచోట నిలబడి, షాపులో చీర చూపించేవాళ్ళలాగా కొంగు రెండు చేతులమీద పరిచి పట్టుకుంది. "సూసుకో. ఎంతసేపు కావాలంటే అంతసేపు సూసుకో. తొందరేం లేదు" అంది. నేను కుడి కన్ను మూశాను. ఆమె నిదానంగా ఒక చుట్టు తిరిగింది. చిలకపచ్చలో నా నరసమ్మ, వెనకాల కానుగ చెట్లు. చాలు అనిపించేదాకా చూశాను. చాలు అనిపించలేదు, ఆమెకు కాళ్ళు నొప్పి పుట్టాయి.

తర్వాత కాలవలోకి కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాము. నా ఆట ఆమెకు నేర్పాను. ఒక కన్ను మూసింది, ఇంకో కన్ను మూసింది. "నాకు రెండింటికీ ఒగటే కనపడతాండాదే" అని చిన్నపిల్లలా ముఖం ముడుచుకుంది. నీళ్ళు తీసి నా మీద చల్లింది. కంట్లో పడకుండా చల్లింది.

మార్చి 14, శుక్రవారం

పొద్దున బస్సులో ఆదోనికి వచ్చాము. ఇవాళ హోలీ. బజారులో సేట్ల పిల్లలు అటూ ఇటూ పరిగెత్తి రంగులు పోసుకుంటున్నారు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని వాళ్ళను రెండు కళ్ళతోనూ చూశాను. మేరి పిలుస్తోంది. భయంగా ఉంది, సంతోషంగా కూడా ఉంది. ఏది ఎక్కువో తెలియడం లేదు.

మార్చి 15, శనివారం

పట్టీ విప్పారు. "ఎన్ని వేళ్ళు పెద్దాయనా? ఎన్ని వేళ్ళు?" అని మేరి అడుగుతూనే ఉంది. నేను ఆమె భుజం మీదుగా చూస్తున్నాను. గోడకు ఆనుకుని నరసమ్మ నిలబడి ఉంది, ఆ చీరలో. కుడి కంటికి నీలం. ఎడమ కంటికీ నీలమే. ఎర్ర అంచు ఆ నీలానికి ఎంత కుదిరిందో! అంత కుదురుతుందని తెలిసి ఉంటే కావాలనే నేసేవాణ్ణి.

ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే కన్ను దక్కేది కాదని డాక్టరమ్మ తిట్టింది. తల ఊపాను. ఊపకూడదని మళ్ళీ తిట్టింది.

బస్టాండుకు నడుస్తున్నాము. దారి పక్క వేపలన్నీ ఎర్రగా చిగురేసి ఉన్నాయి. ఒక చెట్టు కింద నరసమ్మ ఆగింది. నేను కూడా ఆగాను.

"బాగుందా?" అంది.

"ఏంది?"

"సీర. నాకు బాగుందా?"

ఉగాది నాడు కట్టుకున్నప్పటి నుంచి ఈ మాట ఆమె నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నాకిప్పుడు తెలిసింది. అడిగి ఉంటే చిలకపచ్చకు జవాబు చెప్పేవాణ్ణి. అందుకే అడగకుండా ఉంచుకుంది.

"బాగుంది" అన్నాను. "నీలం నీకు శానా బాగుంది."

బస్సెక్కాక మళ్ళీ అడిగింది.